అరనిమిషానికొక చుక్క

విశాఖపట్నం,
21 ఆగస్టు 1927

అప్పకి తమ్ముడు వైకుంఠం నమస్కారాలు.

నేను బాగున్నానని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. కళ్లు మాత్రం సాయంత్రానికి మండిపోతున్నాయి. ఆసుపత్రి పరీక్షశాలలో పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల రక్తం గాజుపలకల మీద పులిమి, సూక్ష్మదర్శినిలో చూసి లెక్కపెట్టడమే నా పని. వీధిలోకి వచ్చాక ఎదురయ్యే మనుషుల్ని కూడా లెక్కపెట్టేస్తున్నాను.

రామూర్తి ఉత్తరం నిన్న అందింది. వరహాలుకి అయిదో నెల అని రాశాడు. నా కూతురు పసిగుడ్డుగా ఉన్నప్పుడే నీ ఒళ్లో పెట్టి వచ్చాను. నువ్వే పెంచావు, నీ కొడుక్కే చేసుకున్నావు. కబురు నువ్వు రాయాలి గాని అల్లుడు రాయడమేమిటి? సరే, అది వదిలెయ్. చివర్లో వాడొక మాట రాశాడు. పళ్లు తోముకుంటే వరహాలు చిగుళ్లనుంచి రక్తం వస్తోందట, అది ఆగడానికి చాలాసేపు పడుతోందట. వాడు మామూలుగానే రాశాడు. నేను అన్నం దగ్గరనుంచి లేచిపోయాను.

దీంతో పాటు ఒక పొట్లం పంపుతున్నాను. అందులో సూదిలాంటి చిన్న కత్తి, అద్దుడు కాగితం ముక్కలు ఉన్నాయి. కత్తిని మరిగే నీళ్లలో ముంచి తీసి, వరహాలు చెవితమ్మెకి చిన్నగా గాటు పెట్టు. ఒత్తవద్దు, పసుపు పెట్టవద్దు. దానంతటది వచ్చిన చుక్కకి అరనిమిషానికోసారి కాగితం అంచు తాకించు. ప్రతిసారీ కొత్తచోట. చుక్కలు చిన్నవౌతూ వచ్చి ఆగిపోతాయి. ఆరు చుక్కల లోపు ఆగితే భయం లేదు. ఇరవై దాటితే మాత్రం పురిటికి ఇక్కడికి తీసుకురావాలి. డాక్టరుగారితో చెప్పి ఒక మంచం అట్టేపెట్టించాను.

ఇదేం పిచ్చి అంటావు. గాయమైతే రక్తం గడ్డకట్టేలోపే దాని నోరు మూసేవి కొన్ని ఉంటాయి. దుమ్ములా సన్నని పలుకులు, ప్లేట్‌లెట్లు అంటారు. కొందరికి అవి తక్కువ. కొందరికి లెక్కకి సరిగానే ఉంటాయి గాని పనిచేయవు. పెళ్లింటినిండా చుట్టాలుండి నీళ్లు తోడేవాడు ఒక్కడూ లేనట్టు. ఏది ఎలాంటి రక్తమో చెవి దగ్గర తెలిసిపోతుంది.

రామూర్తి గడియారంలో సన్నముల్లు ఉంది, అది పనికొస్తుంది. కాగితం నాకు పంపు.

నీ తమ్ముడు
వైకుంఠరావు


అక్కుపల్లి,
2 సెప్టెంబరు 1927

తమ్ముడు వైకుంఠానికి సుభద్ర ఆశీస్సులు.

నీ ఉత్తరం రామూర్తి చదవబోతే లాక్కుని నేనే చదివాను. కడుపుతో ఉన్న కన్నకూతురి చెవి కోసి నెత్తురు కాగితానికి అంటించి పోస్టులో పంపమన్న తండ్రిని ఈ ఉద్దానం మొత్తం మీద నిన్నే చూశాను.

పొట్లం విప్పుతుంటే మంత్రసాని ఎర్రమ్మ అక్కడే ఉంది. కత్తిని చూసి లేచి నిలబడిపోయింది. "ఓలమ్మ, కడుపుతో ఉన్న పిల్లకి ఇనుం ఆనించీడం ఏటమ్మా? బిడ్డకి మచ్చ పడిపోద్ది. ఆ బాబుకేటి తెలుసు, ఒక పురుడైనా సూసినోడా?" అంది. దాని మాట పూర్తిగా కొట్టిపారెయ్యలేను. మన ఊరి పిల్లలు సగంమంది దాని చేతిమీద పుట్టినవాళ్లే.

కడుపుతో ఉన్నదానికి చిగుళ్లు కారడం వేడి. రోజూ రెండు లేత కొబ్బరికాయలు కొట్టి నీళ్లు తాగిస్తున్నాను. నువ్వు ఊరికే బెదరకు. రామూర్తికి బుద్ధి లేదు, ఏది రాయాలో ఏది మానాలో తెలీదు, అచ్చం మీ బావ పోలిక. మీ బావ పక్షవాతంతో మంచం పట్టి రెండు నెలలు. ఎడమకాలు ఆయన మాట వినదు, నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది. ఆయన్ని లేపడం, కూర్చోబెట్టడం, కాయల దింపుకి మనుషుల్ని పెట్టడం, తోటలో జీడిమామిడి మొక్కలకి కంచె, అన్నీ నేనే. పొద్దుగూకేసరికి నడుం నాది కాదనిపిస్తుంది. దీనిలో నువ్వొకడివి, కత్తి పంపించి.

కత్తి బియ్యం డబ్బాలో దాచాను. వచ్చినప్పుడు పట్టుకుపో.

సుభద్ర


విశాఖపట్నం,
11 సెప్టెంబరు 1927

అప్పకి,

నీ నడుం నొప్పి చదివి బాధపడ్డాను. బావ కాలికి తైలం పంపుతాను. ఇవి రెండూ నిజంగానే రాస్తున్నాను, ముందుమాటగా కాదు.

ఇప్పటిదాకా మనం మాట్లాడుకోని సంగతి ఒకటి రాస్తాను. వరహాలుని కని రాజులమ్మ పోయిననాడు నువ్వు లోపల ఉన్నావు, నేను రావివలస ఇంటి అరుగుమీద ఉన్నాను. పిల్ల ఏడుపు విన్నాను, ఆడపిల్ల అన్నారు, సంతోషించాను. తర్వాత మీరు పాతచీరలు అడిగారు. నేను పెట్టె తీసి ఇచ్చాను. మళ్లీ అడిగారు, మళ్లీ ఇచ్చాను. ఆమె పెళ్లిచీర కూడా ఇచ్చేశాను. ఎందుకని అడగడానికి సిగ్గుపడ్డాను, ఆడవాళ్ల వ్యవహారమని. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది.

ఆమె తల్లి కూడా పురిట్లోనే పోయిందని నీకు గుర్తుందా? అందుకే కదా ఆమెని పుట్టింటికి పంపకుండా మనింట్లోనే పురుడు పోశాం. ఇద్దరూ ఒకేలా పోయారు. అప్పుడు మనం తలరాత అన్నాం. ఆమె పోయిన మరుసటి ఏడే అమెరికాలో ఒక డాక్టరు ఈ చెవి పరీక్ష గురించి రాశాడట. నేను చదివింది మాత్రం మొన్న మొన్న.

నేను పురుడు చూడలేదు, నిజమే. ఆగని నెత్తురు ఎంతదాకా పోతుందో మాత్రం చూశాను. నీ చేతులు పట్టుకుని అడుగుతున్నాననుకో. ఇంతవరకు నిన్నేమీ అడగలేదు. పిల్లని పెంచమని కూడా అడగలేదు, నీ ఒళ్లో పెట్టి పారిపోయి వచ్చాను. ఇదొక్కటి చెయ్యి.

వైకుంఠం


అక్కుపల్లి,
27 సెప్టెంబరు 1927

తమ్ముడికి ఆశీస్సులు.

నీ మాట దక్కించాను. కాగితం ఇందులో పెట్టాను, తడవకుండా అరటాకులో చుట్టాను. అయిదు చుక్కలు. ఆరోసారి తాకిస్తే కాగితానికి ఏమీ అంటలేదు. సన్నముల్లు చూడడం రామూర్తి నేర్పాడు. వాణ్ణి తోటకి పంపేసి చేశాను, ఎర్రమ్మకి తెలిస్తే మళ్లీ గడప తొక్కదు. నొప్పి చీమ కుట్టినంత. అంతే.

ఇక నువ్వు కంటినిండా నిద్రపో. పాతచీరల సంగతి నువ్వు గుర్తుపెట్టుకుంటావని నేననుకోలేదు.

సముద్రం మీద గాలి మారింది. వలలవాళ్లు రెండు రోజులుగా పడవలు ఒడ్డునే ఉంచేశారు. వరహాలు చింతకాయకి ఏడుస్తోంది, ఎక్కడ తెచ్చేది ఈ నెలలో? అన్నం మాత్రం బాగానే తింటోంది. బావ తైలం అందింది. దాని వాసనకి ఆయన కంటే ముందు నేనే పడేలా ఉన్నాను.

సుభద్ర


విశాఖపట్నం,
6 అక్టోబరు 1927

అప్పకి నమస్కారాలు.

కాగితం చూశాను. మొదటి చుక్క మినపగింజంత, చివరిది ఆవగింజంత. రెండున్నర నిమిషాలు. ఇంత చక్కగా మా పరీక్షశాలలో కూడా ఎవరూ అద్దరు. డాక్టరుగారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, "మీ అమ్మాయి రక్తానికేం, బంగారం లాంటిది, ఊళ్లోనే పురుడు పోసుకోమనండి" అన్నారు. అట్టేపెట్టిన మంచం వద్దని చెప్పేశాను.

నీకు తెలీదు, ఆగస్టునుంచి నాకు సరిగా నిద్ర లేదు. నీ కాగితం అందిన రోజు మధ్యాహ్నం బల్లమీద తలపెట్టి నిద్రపోయాను. బంట్రోతు లేపితే ఎక్కడున్నానో తెలియలేదు. పద్దెనిమిదేళ్ల అలసట ఒక్కసారి మీద పడ్డట్టుంది.

నిన్ను అనుమానించినందుకు క్షమించు. చిగుళ్లది వేడే అయ్యుంటుంది. డిసెంబరు ఆఖర్లో సెలవు పెట్టుకుని వస్తాను, మనవడో మనవరాలో, చూసి పోతాను. ఎర్రమ్మకి నా తరఫున ఒక చీర కొనిపెట్టు. నాకేమీ తెలీదని ఆమె అన్నదే నిజమైంది కదా.

వైకుంఠం


అక్కుపల్లి,
18 నవంబరు 1927

తమ్ముడికి సుభద్ర రాయునది.

ఇక్కడ అందరం ఉన్నాం. బావ ఇప్పుడు గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు. అయిదో అడుక్కి నన్ను పిలుస్తున్నారు.

వరహాలుకి ఎనిమిదో నెల వచ్చింది. మొన్న మంగళవారం రోలుకి మోకాలు కొట్టుకుంది. పెద్ద దెబ్బేం కాదు. తెల్లారి చూస్తే తొడదాకా నల్లగా కమిలి ఉంది. నిన్న పొద్దున్న ముక్కునుంచి రక్తం మొదలై దీపాలు పెట్టేవేళ దాకా కారుతూనే ఉంది. మూడు తువ్వాళ్లు తడిశాయి. ఎర్రమ్మ తలమీద చన్నీళ్లు పోసింది. "ఏటోనమ్మా, వేడికి ఇంత కారదు, నానెప్పుడూ సూడనేదు" అంది. పిల్ల మాత్రం నవ్వుతూనే ఉంది. "అత్తా, ఎందుకలా సూత్తన్నావు నావేపు?" అని అడిగింది. నువ్వు కాగితం చూసి బాగుందన్నావు కదా అని నేను ధైర్యంగానే ఉన్నాను.

నా ఆరోగ్యం అడుగుతావు. నడుం అలాగే ఉంది. అప్పుడు నీ కత్తి పెట్టిన గాటు పుండై, ఎడమచెవికి కమ్మ పెట్టుకోలేకపోతున్నాను. వేపనూనె రాస్తున్నాను. తగ్గుతుందిలే.

కాయల దింపు పూర్తయింది. నీకు రెండు బుట్టలు పలాసలో రైలుకి వేయించమని రామూర్తితో చెప్పాను.

సుభద్ర


విశాఖపట్నం,
23 నవంబరు 1927

అప్పా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీ చెవి ఎందుకు పుండై ఉంది? ఆ కాగితం ఎవరిది?

నువ్వేం అనుకున్నావో నాకు తెలుసు. మేనకోడలే కోడలు, ఒకే ఇంటి రక్తం, ఎవరి చెవైతేనేం అనుకున్నావు. కడుపుతో ఉన్నదానికి ఇనుము తగలకుండా, తమ్ముడి మాట పోకుండా, నీ చెవి నువ్వే కోసుకున్నావు. నువ్వు అలాంటిదానివే. నాకు నీమీద కోపం రావడం లేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

నీకూ నాకూ అమ్మానాన్నలు ఒక్కరే. వరహాలులో నాది సగం. మిగతా సగం రాజులమ్మది. నేను వెతికింది ఆ సగంలో. అది నీ చెవిలో ఎక్కడనుంచి వస్తుంది? నువ్వు ఆవుపాలు పట్టి పెంచావు, పక్కలో పడుకోబెట్టుకున్నావు, అంతా నిజమే. ఆ పిల్లకి అమ్మ వేరే ఉండేది అప్పా.

నీ రక్తం చూసి నేను వరహాలు మంచం వద్దని చెప్పి వచ్చాను.

శనివారం బండికి పలాసలో దిగుతాను. రామూర్తిని బండి కట్టుకుని స్టేషనుకి రమ్మను. దారిలో కుదుపులు తగలకుండా గడ్డి మందంగా పరచమను. వరహాలు మంచం దిగకూడదు, పళ్లపుల్ల వాడకూడదు. ఆదివారం నేను దాన్ని తీసుకొస్తాను. ఎవరి మాటా వినను, నీ మాట కూడా.

వైకుంఠం


విశాఖపట్నం,
30 డిసెంబరు 1927

అప్పకి,

ఆడపిల్ల పుట్టింది. శనివారం పగలు పదకొండింటికి. తంతి అందే ఉంటుంది. ఇది వివరంగా రాస్తున్నాను.

అక్కుపల్లిలో నువ్వు గుమ్మం పట్టుకుని నిలబడి చూస్తుండగా నేను వరహాలు చెవికి గాటు పెట్టాను కదా. నలభై నాలుగో చుక్క దగ్గర నేనే ఆపి గట్టిగా అదిమిపట్టాను. ఇక్కడికి వచ్చాక పలుకులు లెక్కపెట్టాను. లెక్కకి సరిగానే ఉన్నాయి. పని మాత్రం చేయడం లేదు. ఇన్నేళ్లూ ఎవరెవరి గాజుపలకలో చూశాను గాని నా కూతురిది చూడడం అదే మొదలు.

మంచం మళ్లీ దొరకడానికి నాలుగు రోజులు డాక్టరుగారి గుమ్మం ముందు నిలబడ్డాను. పురుడు సులువుగానే అయింది. తర్వాత మొదలైంది. సాయంత్రానికి వరహాలు పెదవులు తెల్లబడ్డాయి. ఇంకొకరి రక్తం ఎక్కించాలన్నారు. దానికి ముందు కలుస్తుందో లేదో చూడాలి, ఆ పరీక్ష నేనే చేశాను. నా రక్తం కలవలేదు. కన్నతండ్రిని, నాది కలవలేదు. రామూర్తిది కలిసింది. వాడు చెయ్యి చాపి, "ఎంత కావాలంటే అంత తీసేయండి మావా" అన్నాడు. వాడికి బుద్ధి లేదని ఇంకెప్పుడూ రాయకు.

ఇప్పుడు వరహాలు కళ్లు తెరిచి మాట్లాడుతోంది. నీరసం చాలా ఉంది. ఇంకో కాన్పు వద్దన్నారు, అది రామూర్తితో చెప్పాను, తల ఊపాడు. రెండు నెలలు ఇక్కడే ఉంచుతాను. నిన్ను అడుగుతోంది. నువ్వు బావని వదిలి రాలేవని చెప్పాను.

వైకుంఠం


అక్కుపల్లి,
6 జనవరి 1928

తమ్ముడు వైకుంఠానికి,

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను.

నువ్వు నాకు కోపంగా రాసి ఉంటే బాగుండేది. ఇనుము తగలకూడదని నా చెవి కోసుకున్నానని నీకు నువ్వే అనుకున్నావు. నేను దాన్ని దిద్దలేదు. ఇప్పుడు దిద్దుతున్నాను. ఎర్రమ్మ మాట నాకు సాకు మాత్రమే. ఆ రోజు కత్తి మరిగించి వరహాలు పక్కన కూర్చున్నాను. పిల్ల నిద్రపోతోంది. నీ ఉత్తరంలో ముక్క గుర్తొచ్చింది, ఎలాంటి రక్తమో చెవి దగ్గర తెలిసిపోతుందని. దానికి చిన్నప్పుడు నేను ముక్కు కుట్టించినప్పుడు పొద్దుటినుంచి సాయంత్రందాకా ఆగలేదు. అది నీకు రాయలేదు. పాలపళ్లు ఊడినప్పుడూ అంతే. అదీ రాయలేదు. నాకు తెలుసు వైకుంఠం. అది నా రక్తం కాదని ఆ కాగితం నీకు చెప్పేస్తుందని భయం వేసింది. పద్దెనిమిదేళ్లు పెంచినదాన్ని, ఒక కాగితం ముక్క వచ్చి పరాయిదాన్ని చేస్తుందేమోనని. ఆ భయంతో పిల్లని చంపుకునేదాన్ని.

నా చెవి పుండు సంగతి కూడా పొరపాటున రాయలేదు. ముక్కునుంచి అంత కారడం చూశాక నీకు చెప్పాలనుకున్నాను. నేరుగా రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు చదివి పట్టుకుంటావని అలా రాశాను. పట్టుకోకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకోలేను.

ఇంకొకటి. బండి ఎక్కేముందు వరహాలు నన్ను అడిగింది. "మాయమ్మ ఎలాగుండీదత్తా?" అని. అది పుట్టాక ఆ మాట అడగడం అదే మొదటిసారి. నాకేమీ గుర్తు రాలేదు. మీ పెళ్లిలో చూశాను, పురిట్లో చూశాను, మధ్యలో ఎప్పుడూ ఆవిణ్ణి సరిగా చూడలేదు. తర్వాత ఆవిడ పేరు ఇంట్లో ఎవరూ ఎత్తకుండా చూసుకున్నాను. నువ్వు మొగుడివి కదా, నీకు తెలిసే ఉంటుంది. ఎలా ఉండేదో రాయి. పిల్లకి నేనే చెప్తాను, ఆ శిక్ష నాకే ఉండనీ.

సుభద్ర


విశాఖపట్నం,
17 జనవరి 1928

అప్పకి,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. వరహాలు నిన్న వసారాదాకా నడిచింది. నీ మనవరాలు బాగా అరుస్తోంది, నీ గొంతే అని ఇక్కడ నేను అందరికీ చెప్తున్నాను.

నువ్వు రాసింది వరహాలుకి చెప్పలేదు, చెప్పను. ఆ ఉత్తరం చించేశాను. నీమీద కోపం వచ్చింది, రెండు రోజులుంది, పోయింది.

రాజులమ్మ గురించి రాయమన్నావు. రోజూ కాగితం ముందేసుకుని కూర్చుంటున్నాను. కాపురం రెండేళ్లు. అందులో సగం నేను టెక్కలిలో కంపౌండరు పనిలో ఉన్నాను, ఆమె రావివలసలో ఉంది. పొట్టి మనిషి. గొంతు కొంచెం బొంగురు. ఏం ఇష్టమో తెలీదు. నవ్వితే ఎలా ఉండేదో ఎంత ప్రయత్నించినా గుర్తు రావడం లేదు.

ఒక్కటి మాత్రం కళ్లకి కట్టినట్టుంది. పెళ్లయిన ఏడు గాజులు వేయించుకుని వచ్చింది. రెండు ముంజేతులూ నల్లగా కమిలిపోయి ఉన్నాయి. గాజులవాడు మొరటువాడని వీధిలోకి వెళ్లి వాణ్ణి తిట్టి వచ్చాను. మరుసటి ఏడు ఇంకో గాజులవాడు వచ్చాడు. మళ్లీ చేతులు అలాగే నల్లబడ్డాయి. వాణ్ణీ తిట్టాను. "వాల తప్పు కాదండీ, నాకు సిన్నప్పటినుంచీ ఇంతే," అని ఆమె ఏదో చెప్పబోయింది. నేను వినిపించుకోలేదు.

పిల్లకి ఇది చెప్పు. ఇంతకంటే నాకు తెలిసింది లేదు.

వైకుంఠం